షవర్‌లో వేడినీళ్లు రాకపోతే ముందు బకెట్ పెట్టి చూడండి

గీజర్ ఆన్ చేసి అరగంటైంది, లైటు కూడా ఆరిపోయింది, షవర్ తిప్పితే మాత్రం చల్లనీళ్లే. ఇలాంటప్పుడు చాలా ఇళ్లలో మొదటి ఫోను గీజర్ మెకానిక్‌కే వెళ్తుంది. అంతకంటే ముందు షవర్ కింది కుళాయికి ఒక బకెట్ పెట్టి, మిక్సర్‌లో (వేడి, చల్ల నీళ్లను కలిపే కుళాయి) వేడి వైపు నాబ్ ఒక్కటే తిప్పండి. నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడిగా వస్తే గీజర్ బాగానే ఉన్నట్టు. లోపం మిక్సర్‌లోనో షవర్‌లోనో పైపులోనో ఉంది. బకెట్ కూడా చల్లగానే నిండితే అప్పుడు గీజర్ సంగతి చూడాలి. ఈ ఒక్క పరీక్ష చెయ్యకపోవడం వల్లే బాగున్న కాయిల్స్ (గీజర్ లోపల నీళ్లు కాచే భాగాలు), ఒక్కోసారి గీజర్లే అనవసరంగా మారిపోతుంటాయి.

బకెట్‌కి వేడిగా వచ్చి షవర్‌కి రాకపోవడానికి మామూలు కారణం ప్రెషర్ తేడా. మేడ మీది ట్యాంకు అడుగు నుంచి షవర్ వరకు ఎంత ఎత్తుందో అంతే ప్రెషర్: ఒక మీటరుకు సుమారు 0.1 బార్. పై అంతస్తు వాళ్లకు రెండు మూడు మీటర్లు దొరికితే ఎక్కువ. చల్లనీళ్లు నేరుగా మిక్సర్‌కి వచ్చేస్తాయి. వేడినీళ్లు మాత్రం గీజర్ కింద ఉండే సేఫ్టీ వాల్వ్ స్ప్రింగును నెట్టుకుని, గీజర్ లోపలి ట్యాంకు దాటి, సున్నం పట్టిన కనెక్షన్ పైపు గుండా రావాలి. కింది కుళాయి దగ్గర అడ్డేమీ ఉండదు కాబట్టి వేడినీళ్లు ఎలాగో వస్తాయి. షవర్ ఎత్తుకు ఎక్కి సన్నటి రంధ్రాల్లోంచి బయటపడాల్సి వచ్చేసరికి చల్లనీళ్లదే పైచేయి అవుతుంది. చల్ల వైపు నాబ్ బాగా తగ్గించి చూడండి. షవర్ వేడెక్కితే జబ్బు ఇదే. ముందు షవర్ తల విప్పి, అందులోని జాలీని, రంధ్రాలను ఒక రాత్రి వెనిగర్‌లో నానబెట్టండి. తర్వాత గీజర్ రెండు కనెక్షన్ పైపులూ విప్పి లోపల వేలు పెట్టి చూడండి. బోరునీళ్ల ఇళ్లలో అర అంగుళం పైపులో పెన్సిల్ పట్టేంత దారి మిగిలి ఉండటం అరుదేమీ కాదు. ఆ పైపులు కడగడం కంటే మార్చడం మేలు. కొత్త ఇల్లయితే సీపీవీసీ (ప్లాస్టిక్) పైపుల జాయింట్ల దగ్గర గడ్డకట్టిన గమ్ము, టెఫ్లాన్ టేపు ముక్కలు మిక్సర్ నోట్లో చిక్కుకుని ఉంటాయి.

వాల్ మిక్సర్‌లో వేడి వైపు స్పిండిల్ (నాబ్‌తో పాటు తిరిగే లోపలి కడ్డీ) ప్రత్యేకంగా చూడాల్సిన భాగం. పాత రకం మిక్సర్లలో స్పిండిల్ చివర రబ్బరు వాషర్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది ఉబ్బి, ఊడి, సీటు మీదే అతుక్కుపోతుంది. నాబ్ తిరుగుతూనే ఉంటుంది, నీళ్లు మాత్రం సన్నగా వస్తాయి. బాత్రూం లైన్ కట్టేసి, నాబ్ తీసి, స్పిండిల్ విప్పితే నల్లగా జిగురుగా మారిన వాషర్ కనిపిస్తుంది. దాని ధర నామమాత్రం. క్రోమ్ గీతలు పడకుండా స్పానర్‌కి గుడ్డ చుట్టండి.

ప్లంబర్లు కూడా తరచుగా వదిలేసే లోపం ఇంకొకటుంది. ఇంట్లో ఎక్కడో ఒక మిక్సర్ గుండా చల్లనీళ్లు వేడి లైన్లోకి దూరిపోవడం. హ్యాండ్ షవర్‌కి చివర బటన్ ఉండి, బటన్ మూసి రెండు నాబ్‌లూ తెరిచి వదిలేస్తే ఇదే జరుగుతుంది. ఒకే పిడి ఉండే సింగిల్ లివర్ మిక్సర్‌లో కార్ట్రిడ్జ్ (లోపల నీళ్లను కలిపే భాగం) అరిగినా అంతే. పట్టుకోవడం సులువు. గీజర్ స్విచ్ ఆపి, గీజర్‌కి చల్లనీళ్లు వెళ్లే వాల్వ్ కట్టేయండి. ఇప్పుడు వేడి కుళాయి తిప్పితే కొద్ది సెకన్లలో ధార ఆగిపోవాలి, ఎందుకంటే గీజర్ నుంచి నీళ్లు కదలాలంటే కింద నుంచి కొత్తనీళ్లు తోసుకు రావాలి. ఆగకుండా వస్తుంటే అవి గీజర్ నీళ్లు కావు. వంటింటి సింకు, వాష్‌బేసిన్, రెండో బాత్రూం మిక్సర్ల చల్ల వైపు యాంగిల్ కాక్‌లు (గోడ దగ్గరి చిన్న వాల్వులు) ఒక్కొక్కటిగా కట్టుకుంటూ పోండి. ఏది కట్టినప్పుడు ధార ఆగిందో దాని కార్ట్రిడ్జ్ మార్చాలి.

షవర్ మొదట వేడిగా ఉండి వెంటనే చల్లబడుతుంటే లెక్క వేసుకోండి. 15 లీటర్ల గీజర్‌లో నీళ్లు 60 డిగ్రీలకు కాగాయి, మేడ మీది ట్యాంకు నీళ్లు 25 డిగ్రీలు, స్నానానికి 40 డిగ్రీలు కావాలి అనుకుంటే మొత్తం మీద సుమారు 35 లీటర్లే దొరుకుతాయి. చలికాలంలో ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలకు దిగితే 30 లీటర్లే. నిమిషానికి 8 లీటర్లు పోసే షవర్‌కి అది నాలుగు నిమిషాల స్నానం. ఇది లోపమే కాదు. పెద్ద షవర్ తల పెట్టినవాళ్లకు 25 లీటర్ల గీజర్ కావాలి. అయితే నిమిషం కూడా రాకపోతే ఇన్‌లెట్, అవుట్‌లెట్ పైపులు తారుమారయ్యాయేమో చూడండి. నీలం గుర్తు చల్లనీళ్లకు, ఎరుపు వేడినీళ్లకు. తారుమారైతే గీజర్ అడుగునున్న చల్లనీళ్లే బయటికొస్తాయి. 3 లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ షవర్‌కి పెట్టకండి. 3000 వాట్లు నీళ్లను 20 డిగ్రీలు పెంచగలిగేది నిమిషానికి రెండు లీటర్ల ధారకే.

ఇక బకెట్ కూడా చల్లగా నిండిన ఇల్లు. లైటు వెలగకపోతే ఎంసీబీ (బోర్డులో దానంతటదే పడిపోయే స్విచ్), తర్వాత 16 ఆంపియర్ల ప్లగ్ చూడండి. పిన్నులు నల్లబడినా సాకెట్ రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా కాంటాక్ట్ వదులైందని అర్థం. ప్లగ్, సాకెట్ రెండూ మార్చాలి, ఒకటి మారిస్తే రెండోది దాన్ని మళ్లీ కాలుస్తుంది. లైటు వెలుగుతూ నీళ్లు చాలా ఆలస్యంగా కాగుతుంటే వోల్టేజీ కూడా కొలవండి. 230 వోల్టుల దగ్గర 2000 వాట్లు 15 లీటర్లను 25 నుంచి 60 డిగ్రీలకు 18 నిమిషాల్లో తెస్తాయి. 180 వోల్టులే వస్తే అదే పనికి అరగంట పడుతుంది. గీజర్ చేయగలిగిందేమీ లేదు.

మీటరుతో చూడటం వచ్చినవాళ్లు మాత్రమే మూత విప్పండి. ఎంసీబీ కట్టేసి, ప్లగ్ పీకి, టెస్టర్‌తో సరిచూసి, వైర్లకు ఫోటో తీసుకోండి. వైర్లు తీసేసిన 2000 వాట్ల కాయిల్ 26 ఓమ్‌ల చుట్టుపక్కల, 3000 వాట్లది 17, 18 ఓమ్‌లు చూపాలి. ఏమీ చూపకపోతే కాయిల్ తెగింది. కాయిల్ పిన్నుకీ ట్యాంకు లోహానికీ మధ్య రీడింగ్ వస్తే అది ఎర్త్‌లోకి కరెంటు వదులుతోంది, ఆ క్షణం నుంచి వాడకూడదు. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైన్ ఆపేసే స్విచ్) గీజర్ వేయగానే పడిపోతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే. కాయిల్ బాగుంటే థర్మోస్టాట్ (నీళ్లు కాగగానే కరెంటు ఆపేది) చూడాలి. నీళ్లు చల్లగా ఉన్నప్పుడు దాని రెండు కొసల మధ్య దాదాపు సున్నా రావాలి. కటౌట్ (నీళ్లు మరీ వేడెక్కితే కరెంటు తెంపే రక్షణ స్విచ్) ఎగిరి ఉంటే చిన్న బటన్ టక్కుమనే దాకా నొక్కాలి. మళ్లీ మళ్లీ ఎగురుతుంటే థర్మోస్టాట్ పట్టేసిందన్నమాట, మార్చేయండి. కటౌట్ తీసేసి వైర్లు కలిపి ‘డైరెక్ట్’ చేస్తానన్న మెకానిక్‌ను దయచేసి ఒప్పుకోకండి. మూసి ఉన్న ట్యాంకులో నీళ్లు ఆగకుండా మరిగితే ప్రెషర్ ఎంత పెరుగుతుందో ఆపేవారుండరు.

మరుగుతున్నట్టు గరగర శబ్దం చేసే గీజర్‌లో కాయిల్ మీద సున్నం కట్టినట్టే. తాగునీటి ప్రమాణాల ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా కాఠిన్యం మంచిది, వేరే గతి లేనప్పుడు 600 దాకా సరే. చాలా బోర్ల నీళ్లు దాన్ని కూడా దాటుతాయి. కాయిల్ విప్పేందుకు ముందు ఇన్‌లెట్ కట్టి, వేడి కుళాయి తెరిచి, సేఫ్టీ వాల్వ్ మీట ఎత్తి ట్యాంకు ఖాళీ చేయండి. ఫ్లాంజ్ (కాయిల్‌ను ట్యాంకుకు పట్టి ఉంచే పళ్లెం) బోల్టులు తీసి లాగితే కాయిల్‌తో పాటు గుడ్డు పెంకుల్లా తెల్లటి పలకలు రాలతాయి. ట్యాంకు అడుగున మిగిలినవి కూడా నీళ్లు పోసి కడిగేయండి. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి కాయిల్‌ను కొన్ని గంటలు నానబెట్టండి. సుత్తి, చాకు వాడితే పైతొడుగు చిల్లు పడుతుంది. పక్కనే ఉన్న మెగ్నీషియం యానోడ్ రాడ్ అరిగి లోపలి తీగ బయటపడి ఉంటే అది కూడా మార్చాలి, లేకపోతే తుప్పు ట్యాంకుకే పడుతుంది. బోరునీళ్లయితే ఏడాదికోసారి ఈ పని పెట్టుకోండి.

బిగించేటప్పుడు రబ్బరు గాస్కెట్ తప్పకుండా కొత్తది వేయండి. బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఎర్త్ వైరు దాని స్థానంలోకి వెళ్లిందో లేదో ఫోటోతో సరిచూడండి. తర్వాత ఇన్‌లెట్ తెరిచి, వేడి కుళాయి వదిలి, గాలి దగ్గడం ఆగి ధార నిండుగా వచ్చేదాకా ఆగండి. కింద తడి లేదని చూసుకున్నాకే స్విచ్ వేయండి, ఖాళీ ట్యాంకులో కాయిల్ వెంటనే కాలిపోతుంది. కాగేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి రెండు మూడు చుక్కలు పడటం మామూలే, నీళ్లు వేడికి ఉబ్బి అలా బయటికొస్తాయి. ఆ రంధ్రానికి బిరడా కొట్టకండి. చుక్కలు కింద పడటం ఇబ్బందైతే సన్నటి గొట్టం తగిలించి నేల దాకా దించండి.