గోబర్ గ్యాస్ స్లర్రీలో ఇంకా ఏం మిగిలి ఉంటుంది

గోబర్ గ్యాస్ ప్లాంటులో గ్యాస్ తయారయ్యాక బయటకు వచ్చే పలచని పేడ, అంటే స్లర్రీ, శుభ్రమైనదేనన్న నమ్మకం కోనసీమ పల్లెల్లో చాలామందికి ఉంది. పచ్చి పేడ వాసన తగ్గడం, ఈగలు అంతగా ముసరకపోవడం చూసినవారికి అలా అనిపించడం సహజమే. అయితే యాంటీబయోటిక్ మందులకు లొంగని బాక్టీరియా విషయంలో ఆ నమ్మకం సగమే నిజం.

గేదెకు పొదుగువాపు వచ్చినప్పుడు ఆక్సీటెట్రాసైక్లిన్, ఎన్రోఫ్లాక్సాసిన్ వంటి ఇంజెక్షన్లు వేయించడం మనకు మామూలే. మందులో కొంత భాగం మార్పు చెందకుండానే పేడలోనూ మూత్రంలోనూ బయటకు వచ్చేస్తుంది. పేగుల్లో మందుకు లొంగే బాక్టీరియా చచ్చిపోగా లొంగనిది బతికి, పెరిగి, పేడతోపాటే వస్తుంది. మందు వాడిన రోజుల్లో పాలు వాడవద్దని డాక్టరుగారు చెబితే కొందరైనా వింటారు గాని, పేడ సంగతి అడిగినవారిని నేను చూడలేదు. కోళ్ళ పెంటదీ ఇదే కథ. మనుషుల వైద్యంలో చివరి అస్త్రంగా దాచుకున్న కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్ళకు వాడకూడదని కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించవలసి వచ్చింది.

గ్యాస్ ప్లాంటులోని గాలి సోకని తొట్టిలో ఈ.కోలి, సాల్మొనెల్లా వంటి పేగుల బాక్టీరియా తగ్గుతుందన్నది నిజం. కాని మన ఇంటి ప్లాంట్లకు వేడి చేసే ఏర్పాటు ఉండదు. నేల వేడే వాటికి ఆధారం. గ్రాము పేడలో పది లక్షల ఈ.కోలి ఉండి, నూటికి తొంభైతొమ్మిది చచ్చినా ఇంకా పదివేలు మిగులుతాయి. 50 నుంచి 55 డిగ్రీల వేడిలో నడిచే పెద్ద ప్లాంట్లలో ఫలితం చాలా మెరుగ్గా ఉంటుంది గాని, క్లోస్ట్రిడియం జాతి బాక్టీరియా బీజాలు (వేడిని తట్టుకునే గట్టి పొర గల రూపాలు) అక్కడా బతికి బయటపడగలవు.

ఇంకొక చిక్కు తొట్టి నడిచే తీరులోనే ఉంది. ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ రూపొందించిన ప్లాంటు నమూనాలో పేడ 30 నుంచి 55 రోజులు లోపల ఉండాలని లెక్క. అది సగటు మాత్రమే. ఉదయం పేడ, నీళ్ళు సమానంగా కలిపి ఇటు పోయగానే అటువైపు నుంచి బుడగలతో పొర్లి వచ్చే స్లర్రీలో, నిన్నమొన్న పోసినది కూడా కొంత దారి తప్పి కలిసిపోతుంది.

బాక్టీరియా చచ్చినంత మాత్రాన నిరోధకత, అంటే మందుకు లొంగని గుణం, పోదన్నది నా దృష్టిలో అన్నిటికంటే ఆలోచించవలసిన సంగతి. ఆ గుణాన్ని ఇచ్చే జన్యువులు ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాల ద్వారా ఒక బాక్టీరియా నుంచి మరొకదానికి చేరగలవు. తొట్టిలో మాగిన తరువాత కొన్ని జన్యువులు బాగా తగ్గుతున్నా, సల్ఫా మందులకు లొంగని గుణాన్నిచ్చే సల్1 వంటివి అలాగే నిలిచిపోవడం, ఒక్కొక్కప్పుడు పెరగడం కూడా పరిశోధకులు గమనించారు.

ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీరే పొలానికీ ఊరి మంచినీటి చెరువుకూ చేరే డెల్టాలో స్లర్రీ గుంతను బోదె గట్టున తవ్వడం మంచిది కాదు; వానాకాలంలో అది పొంగితే కలిసేది ఆ నీటిలోనే. కొబ్బరి పాదులకు, దుక్కికి ముందు వరి చేనుకు స్లర్రీ వాడటానికి నాకు అభ్యంతరం లేదు. పచ్చిగా తినే కొత్తిమీర మడికి మాత్రం పోయకూడదు. మందు వాడిన పశువు పేడను తొట్టిలో వేయకుండా విడిగా కుప్ప పోసి, లోపల బాగా వేడెక్కేలా తిరగేస్తూ మాగనిస్తే, తొట్టిలో కంటే అక్కడే ఎక్కువ బాక్టీరియా చస్తుంది.