మూడో కామ కూడా వదులైంది

ఆదివారం పొద్దున చింతమొద్దు మీద నలభై దెబ్బలు పడ్డాయో లేదో, చేతికి 'టక్' అని తెలిసింది. గొడ్డలి పట్టినవాళ్లకు ఆ టక్ ఏంటో చెప్పక్కర్లేదు. ఆపి చూస్తే, తల అంచు దగ్గర కామ (గొడ్డలికి తొడిగే కర్రపిడి) మీద నేను పెన్సిల్‌తో గీసుకున్న గీతకూ తలకూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు. నవంబరు నుంచి ఇదే గోల. ఇది మూడో కామ. మొదటిసారైతే తల ఏకంగా ఊడి ఎగిరి నీళ్ల డ్రమ్ముకు తగిలింది. అమ్మ ఆ సొట్టను ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చూపిస్తోంది.

ఆ తల హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్‌లో దొరికింది. గురువారం తెల్లారకముందే పురానాపూల్ వైపు వెళ్లి, సెల్‌ఫోన్ లైటు వేసుకుని ఇనుపకుప్పలు కెలికే బ్యాచ్‌లో నేనూ ఒకణ్ని. 800 చెప్పాడు, 350కి ఇచ్చాడు. ఐదు లీటర్ల నీళ్లలో పావుకిలో నిమ్మ ఉప్పు కలిపి 14 గంటలు నానబెడితే తుప్పు కింద నుంచి అక్షరాలు తేలాయి. '..LWELL' అని మనం చదివేలా ఇంగ్లిషులో, దాని కింద బాణం గుర్తు, పక్కన 194, చివరి అంకె లేదు. ఆ బాణం బ్రిటిష్ సర్కారు సొత్తు మీద కొట్టే ముద్ర. పేరు ఇంగ్లండ్‌లోని వెడ్నెస్‌బరీలో గొడ్డళ్లు చేసిన ఎల్వెల్ అయ్యుండాలి. యుద్ధకాలపు మిలిటరీ సరుకు ఎన్ని చేతులు మారి మన బజారుకొచ్చిందో! తూకం 1,540 గ్రాములు. (డ్రిల్లుకు వైర్ బ్రష్ తగిలించి పాత ఇనుమును స్టీలు గ్లాసులా మెరిపించేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అలా చేసి ఉంటే ఆ బాణం ఇప్పుడు ఉండేది కాదు.)

ఉక్కు బాగుంది. జేకే కంపెనీ ఆకురాయి పెడితే వాదర (పదును అంచు) నుంచి 25 మి.మీ. దాకా జారిపోతోంది, అంటే అక్కడ ఉక్కు గట్టిది; ఆ పైన కొరుకుతోంది. బాధంతా కామ దూర్చే కన్నం దగ్గరే.

మొదటి కామ తుమ్మ. ఊళ్లో కొట్టించి రెండు వారాలైనా కాకుండానే చెక్కేశాను. ఆత్రం. కన్నంలోకి వెళ్లే భాగం బిగించిన రోజు పొడవువైపు 62.5 మి.మీ. ఉంది, ఊడిపోయాక కొలిస్తే 60.3. పచ్చికర్ర ఎండితే కుంచించుకుపోతుందని బడిపిల్లాడికి కూడా తెలుసు. కాబట్టి డ్రమ్ము సొట్ట పాపం నాదే.

రెండోది రాణీగంజ్‌లో ఒక షాపులో కొన్న రెడీమేడ్ కామ. బాగా ఎండిన కర్ర అన్నారు. అది నిజమే కావచ్చు గానీ నార (కర్రలో పోగుల వరస) చూసుకోకపోవడం నా బుద్ధి తక్కువ. పిడి దగ్గర నిటారుగా మొదలైన నార 20 సెంటీమీటర్ల లోపే పక్కకు తప్పుకుని బయటికి పోయింది. పైగా అది కొంచెం వదులుగా అనిపిస్తే, అందరూ చెప్పినట్టే రాత్రంతా బకెట్లో తలకిందులుగా నానబెట్టాను. పొద్దున రాయిలా బిగుసుకుంది. నాలుగు రోజులకు మునుపటి కన్నా వదులైంది. ఇప్పుడు ఆలోచిస్తే సంగతి అర్థమవుతోంది. నీళ్లు తాగిన కర్ర ఉబ్బుతుంది. చుట్టూ ఇనుము కాబట్టి ఉబ్బడానికి చోటు లేక నార లోపలే నలిగిపోతుంది. ఎండినప్పుడు నలిగిన కొలత నుంచి ఇంకా తగ్గుతుంది. ఇకపై నానబెట్టమని ఎవరు చెప్పినా దండం పెట్టి వచ్చేస్తాను. ఆ కామ చివరికి నార తప్పినచోటే చీలింది.

అందుకే మూడోదాని మీద పంతం పట్టాను. చిరుమాను దుంగ సంపాదించి 50×40 మి.మీ. కమ్మీలు రెండు తీయించాను, డిసెంబరులో. రెండు చివర్లకూ మైనం పూసి అటక మీద పెట్టి, పది రోజులకోసారి వంటింటి కాటా మీద తూచాను. మొదటి రోజు 1,720 గ్రాములు. ఏప్రిల్ మధ్యకు 1,365. ఆ తర్వాత రెండు తూకాల్లో తేడా 3 గ్రాములు. అంటే ఎండటం అయిపోయింది. నార కూడా తలకు నిలువుగా, పిడి చివరి దాకా తప్పకుండా ఉంది. కామ పైకొసలో బిగువు కోసం దిగ్గొట్టే చీలకు పెట్టిన గాటు లోతు 40 మి.మీ., చీల తుమ్మది, పైన 6 మి.మీ. మందం. ఇంతకుముందు టేకు చీల వేస్తే మెత్తగా నలిగింది. అవిసె నూనె మూడు పూతలు. ఇనుప చీల వేయలేదు, వేయను కూడా. ఇనుప చీల కర్రను చీల్చడానికే గానీ బిగించడానికి కాదని నా నమ్మకం. అరల్డైట్ జిగురు పోసేవాళ్ల గురించి అసలు మాట్లాడను.

ఇంత చేసినా మే నెలలో 3 మిల్లీమీటర్లు! ఎండ వల్ల అనుకుందామంటే కర్ర ముందే ఎండింది. తీసి కొలిచాను, పొడవువైపు తగ్గింది 0.4 మి.మీ. అంతే. ఆ 0.4కు ఇంత వదులు రాదు.

దీన్ని సంచీలో వేసుకుని ఊరెళ్లినప్పుడు కమ్మరి తాతకు చూపించాను. ఆయన కామను ముట్టుకోనేలేదు. తలను వెలుగుకు ఎత్తిపట్టి ఒక కన్ను మూసి చూసి, "కామల ఏం లేదు బిడ్డా, బొక్క సూడు" అన్నాడు. ఏడు నెలలుగా కర్రను కొలుస్తున్నాను గానీ కన్నాన్ని పైనా కిందా కొలిచి ఊరుకున్నాను. మధ్యలో కొలవాలని తట్టలేదు.

ఇంటికొచ్చి అమ్మ కాటుక భరిణె తీసుకున్నాను. (అడిగే తీసుకున్నాను. "గొడ్డలికి కాటుకేంట్రా?" అని అరగంట నవ్వింది.) కాటుకలో రెండు చుక్కల నూనె కలిపి కన్నం లోపలంతా పలచగా పూసి, కామను దూర్చి తీశాను. ఎక్కడ తగిలితే అక్కడ నలుపు అంటాలి. తీసి చూస్తే మధ్యలో ఒక పక్క ఎనిమిది మి.మీ. వెడల్పు పట్టీలా దట్టంగా నలుపు, పైన చీల విప్పారినచోట రెండువైపులా కొంచెం. కింద సగమంతా తెల్లగా మెరుస్తోంది! కింద కర్ర ఇనుమును తాకనే లేదు.

లోపలి కాలిపర్‌తో కొలతలు ఇవి. పైన మందం 22 మి.మీ., కింద 19, మధ్యలో 17.2. పైనుంచి కిందికి సమంగా సన్నబడి ఉంటే మధ్యలో 20.5 ఉండాలి. ఎడమ గోడ ఒక్కటే మూడు మి.మీ. పైనే లోపలికి ఉబ్బింది. కన్నానికి నడుం ఉండటం తప్పు కాదు, కొన్ని గొడ్డళ్లకు కావాలనే అలా చేస్తారు. కానీ ఇక్కడ ఉబ్బు ఒకే పక్క. ఆ ఇరుకు దాటించడానికి నేను ప్రతిసారీ కర్రను 17 దాకా చెక్కేస్తున్నాను. దాంతో కింద రెండువైపులా చెరో మి.మీ. ఖాళీ. తల ఆ నడుం మీద ఊగుడుబల్లలా ఊగుతోంది. ప్రతి దెబ్బకూ కొంచెం ఊగి, చీల దగ్గర కొంచెం నలిగి, చివరికి టక్.

మరి ఒకే గోడ ఎందుకు ఉబ్బింది? తలను బయటినుంచి ఏటవాలు వెలుగులో చూస్తే ఎడమ బుగ్గ (కన్నం పక్క భాగం) మీద గుండ్రటి సుత్తి దెబ్బలు, లెక్కపెడితే పదకొండు. నాకన్నా ముందు ఎవరికో ఇదే తల వదులై, కామ మార్చే ఓపిక లేక, సుత్తితో బుగ్గ మీద బాది కన్నాన్ని బిగిద్దామని చూశాడన్నమాట. ఆ మహానుభావుడు చేసిన దానికి నేను మూడు కామలు అర్పించుకున్నాను.

తాత "కొలిమిల పెట్టి బొక్కల గూటం కొడ్త, సాపయితది" అన్నాడు. ఆయన చేతి మీద నమ్మకం ఉంది గానీ వద్దన్నాను. వేడి వాదర దాకా పాకి 230 డిగ్రీలు దాటిందంటే ఉక్కు పసుపుకు తిరుగుతుంది, 300 దగ్గరికొస్తే నీలం. తర్వాత ఎంత సాన పట్టినా ఆ పదును నిలవదు. వాదరను తడిగుడ్డలో చుట్టి చేయొచ్చంటారు. నాకు టెన్షన్.

కాబట్టి చల్లగానే, అర్ధచంద్రం ఆకురాయితో. రోజూ సాయంత్రం నలభై నిమిషాలు. కాటుక పూయడం, దూర్చడం, నలుపు చూడటం, అక్కడ మాత్రమే ఆకురాయితో రుద్దడం. నాలుగు సాయంత్రాలకు 17.2 కాస్తా 18.6 అయింది. 19.5 దాకా తీసి ఆపేస్తాను. బాణం ముద్ర ఆ బుగ్గ మీదే ఉంది కాబట్టి గోడను ఇంకా పలచన చేయడం ఇష్టం లేదు. ఆకురాయి మధ్యలో అరిగిపోయి ఇప్పుడు జారుతోంది, ఇంకొకటి కొనాలి.

మిగతా పనులు బానే ఉన్నాయి. ఎర్రగడ్డ సంతలో దొరికిన స్టాన్లీ నంబర్ 4 రందా (చిత్రిక) అడుగు చదును చేశాక ఉల్లిపొరలాంటి పొట్టు తీస్తోంది. పెదనాన్న బాడిశకు కొత్త పిడి పడింది.

నాలుగో కామకు రెండో చిరుమాను కమ్మీ ఉంది. చిక్కేంటంటే వానలు మొదలయ్యాయి. ఇప్పుడు గాలిలో చెమ్మ తాగి కర్ర ఉబ్బి ఉంటుంది, ఈ కొలతకు చెక్కి బిగిస్తే వేసవికి మళ్లీ మొదటికొస్తుంది. నిన్న తూచితే మేలో కన్నా 31 గ్రాములు ఎక్కువుంది. ఒక అట్టపెట్టెలో 40 వాట్ల బల్బు వేసి కమ్మీని అందులో పెట్టాను, మే నాటి తూకానికి వచ్చాకే కత్తి పెడతాను. ఈలోగా పికాసులా పైనుంచి దూర్చే కామ చేస్తే ఎలా ఉంటుందని కూడా ఆలోచన. పికాసుకు చీలే ఉండదు, విసిరేకొద్దీ బిగుస్తుంది. కానీ ఈ తల కన్నం పైన మూడే మి.మీ. వెడల్పు ఎక్కువ, ఆ ఏటవాలు సరిపోదేమో. పాత తుమ్మ కామ ముక్కతో ముందు ఒక నమూనా చెక్కి చూస్తాను.

గురువారం మళ్లీ జుమ్మేరాత్ బజార్. ఆకురాయి మాత్రమే కొంటానని అమ్మకు చెప్పాను. పోయినసారి కుప్ప కింద ఒక బాడిశ తల సగం కనిపించింది, దాని మీద ఏదో ముద్ర ఉంది.