హైదరాబాద్ రాక్ బ్యాండ్ల పాత కేసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించడం: నా అనుభవం

స్నేహితులు కలిసే సైటు ఆర్కుట్ 2014 సెప్టెంబర్ 30న మూతబడింది. 2016కి ముందు పెట్టిన పాటలు పోయాయని, బ్యాండ్లు పాటలు పెట్టుకునే సైటు మైస్పేస్ 2019లో ఒప్పుకుంది. నెట్‌లో ఉన్నాయిలే అనుకున్నవి అలా పోయాక, కాలేజీ ఫెస్టుల్లో వాయించిన మన బ్యాండ్ల పాటలకు అటక మీది కేసెట్లే దిక్కు. అందుకే ముందు వాటి పని పట్టాను. పోస్టర్లు కొన్నాళ్లు ఆగుతాయి.

కేసెట్ చేతికి రాగానే వెనక అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ చెవులు విరిచేయాలి. పొరపాటున రికార్డ్ నొక్కినా చెరగదు. తెల్లటి బూజు కనిపిస్తే డెక్‌లో (కేసెట్ ప్లేయర్‌లో) పెట్టొద్దు, తర్వాత పెట్టే కేసెట్లకూ అంటుకుంటుంది. శబ్దం వచ్చి పోతోందంటే టేపును, దాన్ని చదివే హెడ్‌కి ఒత్తిపట్టే చిన్న ప్యాడ్ ఊడిపోయిందేమో చూడండి. జిగురు ఎండిపోతే రాలుతుంది. అప్పుడు స్క్రూలున్న ఖాళీ షెల్‌లోకి టేపు మార్చాల్సిందే.

అసలు కిటుకు అజిమత్‌లో, అంటే టేపు మీద హెడ్ ఆనే వాలులో ఉంది. ఒక్కో రికార్డర్ హెడ్ ఒక్కో వాలులో ఉంటుంది కాబట్టి ప్రతి కేసెట్‌కూ విడిగా సరిచేయాలి. శబ్దాన్ని మోనోలో పెట్టి, హెడ్ పక్క స్క్రూను వెంట్రుకవాసి తిప్పుతూ సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు తాళాలు) ఎక్కడ బాగా మెరుస్తాయో అక్కడ ఆపాలి. లేబుల్ మీద రాసి ఉంటే తప్ప డాల్బీ (టేపు రొద తగ్గించే స్విచ్) వేయొద్దు. రికార్డింగ్ 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు, పీకులు (శబ్దం అత్యధికంగా ఎగసే చోట్లు) మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా. సీ-60 (గంట నిడివి) కేసెట్ మొత్తం సుమారు ఒక గిగాబైట్ అవుతుంది. హిస్ (టేపు బుస) తీసేయడం లాంటి సోకులన్నీ కాపీ మీదే, మాస్టర్ (మొదట ఎక్కించిన ఫైలు) జోలికి వెళ్లొద్దు.

వేదిక మైకులన్నీ కలిపే సౌండ్ మిక్సర్ నుంచి తీసిన టేపులో గొంతు చెవి దగ్గరే ఉంటుంది, డ్రమ్స్ ఎక్కడో గోడ అవతల ఉంటాయి. చిన్న హాల్లో డ్రమ్స్‌కి మైకు పెట్టరు మరి. జనంలో కూర్చుని తీసిన టేపులో ఆ డ్రమ్స్ దొరుకుతాయి, ఈలలతో సహా. రెండూ ఉంటే రెండూ దాచాలి.

తేదీల దగ్గరే తగాదాలు. ఒకరు 1998 అంటారు, ఇంకొకరు 2000. టికెట్ ముక్కో, ఫెస్ట్ కరపత్రమో, 1993లో మొదలైన రాక్ సంగీత పత్రిక రాక్ స్ట్రీట్ జర్నల్ పాత సంచికో దొరికేదాకా రెండు తేదీలూ, చెప్పినవాళ్ల పేర్లతో పక్కపక్కనే రాయండి. పోస్టర్లు 600 డీపీఐలో, వెనక వైపు కూడా స్కాన్ చేయాలి. పాటల వరస చాలాసార్లు అక్కడే గీకి ఉంటుంది.

బయట పెట్టేది సొంత పాటలు మాత్రమే, అదీ బ్యాండులో అందరూ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే. విదేశీ పాటల కవర్లు (వాళ్ల పాటలు మనవాళ్లు వాయించినవి) హార్డ్‌డిస్క్‌లోనే ఉండనివ్వండి. ఆ డిస్క్‌కి జంట కాపీ మాత్రం వేరే ఊళ్లో, వేరేవాళ్ల ఇంట్లో ఉండాలి.