వీల్‌చెయిర్‌లో అయితేనే వస్తానంటున్నాడు

నల్లగొండలో మా అన్న కూతురి పెళ్లికి వీల్‌చెయిర్‌లో అయితేనే వస్తానని, వాకర్ పట్టుకుని నడవాలంటే అమెరికాలోనే ఉండిపోతానని మా పెద్దవాడు తేల్చి చెప్పాడు. వాడికి పదిహేనేళ్లు. సెరిబ్రల్ పాల్సీ వల్ల కాళ్ల కండరాలు బిగుసుకుని ఉంటాయి. వాకర్ సాయంతో నడవగలడు కానీ, ఫంక్షన్ హాలులో వేదిక దాకా చేరేసరికి ఎవరితోనూ మాట్లాడే ఓపిక మిగలదు. "నేను వచ్చేది నడవడానికా, అందరితో కూర్చోవడానికా?" అని అడిగితే, టికెట్ల సంగతి ఎత్తి మాట దాటవేశాను.

మర్రిగూడ మండలంలో పెరిగినదాన్ని నేను. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రమాణం ఉన్నా, రాతిపొరల నుంచి అంతకు మించి కరిగి వచ్చే బోరు నీళ్లే అప్పట్లో మాకు దిక్కు. పళ్ల మీద గారలు లేనివాడే మా బడిలో వింతగా కనిపించేవాడు. నడివయసులోనే మెడ తిరగక, ఒళ్లంతా తిప్పి చూసేవారిని ఎవరూ వికలాంగులనలేదు. నీళ్లు అట్లాంటివి అని ఊరుకునేవారు. పొరుగు మండలం నుంచి సంబంధం వచ్చిననాడు మాత్రం అదే ఒళ్లు లోపమయ్యేది. నడుము వంగిపోయిన మా చిన్నాయనకు వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, పింఛను వచ్చాయి కానీ, పెళ్లి చేసుకుంటావా అని ఆయనను అడిగినవారు లేరు. వద్దని పెద్దలే అనుకున్నారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం, దేహంలోని లోపానికి ఎదురయ్యే అడ్డంకులు కూడా తోడై మనిషిని సమాజంలో సమానంగా పాల్గొననీయనప్పుడే అది వైకల్యమంటుంది. వాదనలో ఈ మాటను గొప్పగా వాడతాను. బడి సమావేశాల్లో లిఫ్టు కోసం, పరీక్షల్లో అదనపు సమయం కోసం బల్ల గుద్ది అడుగుతాను. నల్లగొండకు వెళ్లేసరికి మాత్రం, చుట్టాలు వాణ్ని ఒక్కసారి నిలబడి ఉండగా చూడాలన్న ఆశ గెలుస్తుంది. అమెరికా చట్టం ప్రకారం ప్రత్యేక విద్య పొందే పిల్లలకు పదహారేళ్లు నిండేలోగా బడి తర్వాతి జీవితం గురించి ప్రణాళిక వేయాలి, ఆ సమావేశానికి పిల్లవాణ్నీ పిలవాలి. అప్పుడు నేను బయట కూర్చోవాలా అని టీచరును అడిగి నవ్వులపాలయ్యాను.

పిల్లల ఇష్టానికి వదిలేయండని తోటి తల్లులకు చెబుతూనే ఉంటాను. అయితే గంటల తరబడి కూర్చుంటే మోకాళ్లు, తుంటి మరింత బిగుసుకుంటాయని, రోజూ కాసేపు నిలబడాలని ఫిజియోథెరపిస్టు హెచ్చరించింది. ఈ ఒక్క పెళ్లికని మొదలైనది రేపు అలవాటు కాదని ఎవరు చెప్పగలరు? అదీగాక, వాడి ఇష్టమని మేము గౌరవించేది మాత్రం ర్యాంపులు, వెడల్పు తలుపులు ఉన్న బడి నేర్పినది కాదా? మా ఊళ్లో పుట్టి ఉంటే ఎవరి వీపునో ఎక్కి జాతరకు పోయేవాడు, అందులో తప్పేమీ కనిపించేది కాదేమో.

హాలు ముందు మెట్లున్నాయని చెబితే మా అన్న, "నలుగురం లేపి పెడ్తం తియ్యి చెల్లె" అన్నాడు. తనను సామానులా ఎత్తవద్దని, వాలుగా ఒక పలక వేయిస్తే చాలని వాడు పక్కనుంచి అన్నాడు. టెంట్ హౌస్ వాళ్లను అడుగుతానని మా అన్న ఒప్పుకున్నాడు కానీ, మేనల్లుణ్ని ఎత్తుకోవడం కూడా నామోషీ అయిందా అని నొచ్చుకున్నాడు. వాడి తరఫున పలక కావాలని పట్టుబట్టింది నేనే అయినా, నా మనసు ఇప్పటికీ మా అన్న వైపే మొగ్గుతోంది.