ముక్కుపుడకను దుమ్మనుకుంది

లైటు తీసేశాక కూడా అదే గుర్తొస్తోంది, లేచి రాస్తున్నా. అబ్బోడు పాత ఫొటోలు బాగుచేసే ఏదో యాప్‌లో పెట్టి పంపాడు, అవ్వ ఫొటో. మడతలు పోయాయి, గీతలు పోయాయి, వాటితోపాటు ముక్కుపుడకా పోయింది. పైగా "ఎట్టుంది?" అని ఒక ప్రశ్న. బుగ్గలు సబ్బుబిళ్ళల్లాగా ఉన్నాయి.

దుమ్ము తీసే ఫిల్టరుకి ముక్కుపుడకైనా తెల్లచుక్కైనా ఒకటే, చుట్టూ ఉన్న పిక్సెళ్ళతో పూడ్చేస్తుంది. ముఖాలు తేర్చే యాప్‌లది ఇంకా అన్యాయం. ఫొటోలో కన్ను సరిగ్గా లేకపోతే, అవి నేర్చుకున్న ముఖాల్లోంచి ఓ కన్ను తయారుచేసి అతికిస్తాయి. బాగుచేయడం కాదది, వేరే మనిషిని తెచ్చి కూర్చోబెట్టడం. అసలు చేటు ముందే జరిగింది. ట్యూబులైటు కింద ఫోన్‌తో తీసి, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే అది కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపమని ఎన్నిసార్లు చెప్పాలబ్బా!

స్కానరు మీద పెట్టడానికేం? 4×6 అంగుళాల ప్రింటుకి 600 డీపీఐ, అంటే అంగుళానికి 600 చుక్కలు, చాలు, 2400×3600 పిక్సెళ్ళు వస్తాయి. స్టాంపు సైజుదైతే 1200. నలుపు తెలుపుదైనా కలర్‌లోనే, నాణ్యత తగ్గించని టిఫ్ ఫైలుగా. స్కానరు సొంతంగా చేసే సోకులన్నీ ఆపేయాలి.

సరే, ఈ ఫొటో స్కానరెక్కదు, అదీ నిజమే. పటంలో అద్దానికి కరుచుకుపోయింది. ఆ పటాలు మేకుకి తాడుతో ముందుకి వాలి ఉండేవి, వెనక పలచటి చెక్క, దాని వెనక పిచ్చుక గూడు. పండగొస్తే తడిగుడ్డతో అద్దం తుడిచి, గంధం, కుంకుమ బొట్టు పెట్టేవాళ్ళు. ఆ తడి అంచుల్లోంచి లోపలికి దిగేది. కార్తీకంలో వాయుగుండం పట్టిందంటే గోడంతా చెమ్మే. ప్రింటు పైపొర జిలాటిన్, తడికి మెత్తబడి, ఆరేటప్పుడు అద్దాన్ని పట్టేస్తుంది. లాగితే ముఖం అద్దానికే ఉండిపోతుంది. వెనక చెక్కలోని ఆమ్లమేమో దాని చారల్నే గోధుమరంగులో ఫొటో మీదికి దించుతుంది. కాబట్టి అద్దంతోనే తీయాలి. తనకి ఆనుకున్నదాన్నే స్పష్టంగా చూసే సన్నటి సీఐఎస్ రకం స్కానరైతే అద్దం మందానికే మసకేస్తుంది, లోపల లెన్సుండే సీసీడీ రకంది కావాలి. లేదా కెమెరా పటానికి సూటిగా, లైట్లు చెరోపక్క 45 డిగ్రీల్లో, కెమెరా వెనక నల్లగుడ్డ.

దస్తావేజుల మీద పసుపు మరక ఇంతకన్నా సులువు. రంగు స్కాన్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు ఛానెళ్ళుంటాయి, వాటిలో రెడ్ ఛానెల్ ఒక్కటే చూస్తే పసుపు దాదాపు తెల్లబడుతుంది, నీలం సిరా నల్లబడుతుంది. ఎర్ర సీలుంటే అదీ మాయమవుతుంది, దాన్ని గ్రీన్‌లో వెతుక్కోవాలి. మొన్నటిదాకా అందరికీ ఇదే చెప్పేవాణ్ణి. ఇప్పుడనిపిస్తోంది, నాలుగు మూలలా ఉన్న పసుపు మరకెలా అవుతుంది? ఎవరో కావాలని పెట్టింది. ముక్కుపుడక తీసిన యాప్ మీద ఇంత ఎగురుతూ, ఆ పసుపు తుడిచేయడం ఏ లెక్క? చదవడానికి రెడ్ ఛానెల్ కాపీ ఒకటి, దాచడానికి రంగుది ఒకటి.

ఆ మాటకొస్తే యాప్ కూడా మరీ పనికిమాలిందేం కాదు. వెనక తెర, గోడ, నేల మీది గీతలకి వాడుకోవచ్చు. ముఖం, చేతులు, నగలు మాత్రం వేరే లేయర్లో, అంటే అసలు ఫొటో మీద విడిగా పరిచిన పొరలో, చేత్తోనే.

ఇంకోటి, స్కాన్ చేసిన దస్తావేజుల ఫోల్డర్లకి జిల్లా పేర్లు పెడుతున్నాడు వాడు. కందుకూరు కాగితాలు 1970 దాకా నెల్లూరు, ఆపైన ఒంగోలు జిల్లా, దానికే 1972లో ప్రకాశం అని పేరు, 2022లో మళ్ళీ నెల్లూరు. ఏ ఫోల్డర్లో వెతకాలి? ముందు ఏడాది, తర్వాత ఊరు, ఆపైన సర్వే నంబరు పెట్టమనాలి.