నాయిన చేయిపెట్టి చూసిన గోడ

మేము ఎస్లింగెన్‌కు వచ్చింది 2014 నవంబరులో. జర్మనీలో స్టుట్‌గార్ట్ పక్కన, నెకర్ నది ఒడ్డున ఉండే ఊరు. సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడేది. వచ్చేటప్పుడు కల్వకుర్తిలో బట్టల షాపువాళ్లు ఇచ్చిన తెలుగు క్యాలెండరు ఒకటి పెట్టెలో పెట్టుకొచ్చాను. దాన్ని ఫ్రిజ్ పక్కన తగిలించి, మళ్లీ ఊరికి పోయే తారీఖు దాకా రోజుకొక గడి ఎర్ర పెన్నుతో కొట్టేసేదాన్ని. పాప పుట్టింది, బాబు పుట్టాడు, క్యాలెండర్లు మారాయి. కొట్టేయడం మాత్రం మానలేదు.

ఆ సంగతి నాయినకు చెప్పింది మా పాపే. ఒకరోజు వీడియో కాల్‌లో, "అమ్మ రోజూ క్యాలెండర్‌లో గీత కొడుతుంది తాతా" అంది. నాయిన కాసేపు ఏమీ అనలేదు. తర్వాత నన్ను పిలిచాడు.

"పనికి పోయినకాడ మొదట్ల నేను గూడ దినాలు లెక్కపెట్టిన బిడ్డా. ఏడాది పోయినంక బందు పెట్టిన. ఐతారమొస్తే బొంబాయి పోయి సముద్రం చూసొచ్చేటోన్ని. అక్కడి పిల్లగాండ్లతోని గోళీలాడిన. ఊరి మీద పాణం పెట్టుకోవద్దని నేననను. గానీ నువ్వుండే ఊరు గూడ ఊరే గదా."

మా నాయినది రాళ్లపని. నా చిన్నతనమంతా కరువే. పాలమూరు జిల్లాలో చాలా ఊళ్లలాగే మా ఊళ్లోనూ కోతలు అయిపోగానే గుంపు మేస్త్రీ వచ్చి, అడ్వాన్సు చేతిలో పెట్టి మనుషులను తీసుకుపోయేవాడు. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా, కాలువ తవ్వినా అక్కడ పాలమూరు కూలీ ఉంటాడని పెద్దవాళ్లు చెప్పుకునేవాళ్లు. నాయిన, అమ్మ మహారాష్ట్ర వైపు పోయేవాళ్లు. నన్నూ అన్ననూ అవ్వ దగ్గర వదిలేవాళ్లు. దసరాకు ఒకసారి, ఉగాదికి ఒకసారి ఇంటికి వచ్చేవాళ్లు. ఆయన టార్పాలిన్ గుడిసెలో పడుకున్నాడు, నేను హీటరున్న ఇంట్లో ఉంటున్నాను. ఆ వలసకూ మా ఉద్యోగాలకూ పోలిక పెడితే తప్పవుతుంది. కానీ మా నాయిన సముద్రం చూశాడని నాకు ముప్పై దాటాక తెలిసింది. వలస అంటే మా ఇంట్లో ఎప్పుడూ కష్టం గురించే మాట్లాడుకున్నాం. ఆ కష్టం మధ్యలో ఆయన ఆదివారాలు కూడా ఉన్నాయని నేను ఏనాడూ అడగలేదు.

ఆ ఫోన్ తర్వాత నేను ఒక్కరోజులో మారిపోలేదు. మొదట మారింది వాన విషయంలో.

బాబును కిండర్‌గార్టెన్‌లో వేసినప్పుడు తేవాల్సిన వస్తువుల జాబితా ఇచ్చారు. రబ్బరు బూట్లు, వాన కోటు, ఇంకా 'మాచ్‌హోజె' అని ఒకటి. బురదలో ఆడడానికి వేసుకునే రబ్బరు ప్యాంటు అది, భుజాల దాకా పట్టీలుంటాయి. వాన పడినా పిల్లలను బయటికే తీసుకుపోతారు. నేను టీచరు దగ్గరికి పోయి, వాన ఉన్న రోజు మావాణ్ని లోపలే కూర్చోబెడతారా అని అడిగాను. జలుబు ఉందా అని ఆమె అడిగింది. లేదన్నాను. మరెందుకు అన్నట్టు చూసింది. ఇంటికి వస్తుంటే కప్పతల్లి ఆట గుర్తొచ్చింది. వానలు పడకపోతే రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇల్లిల్లూ తిరిగేవాళ్లం. ప్రతి ఇంట్లో బిందెతో నీళ్లు తెచ్చి కప్ప మీద పోసేవాళ్లు. వాన కోసం అట్లా తిరిగిన నేను, వాన పడుతుంటే పిల్లవాణ్ని కిటికీ లోపల పెడుతున్నాను. ఆ శనివారమే నాకు కూడా రబ్బరు బూట్లు కొన్నాను. నది పక్క దారిలో నీళ్లు నిలిచిన ప్రతి గుంటలో ముగ్గురం దూకాం. ఇంటికి వచ్చేసరికి నా జడ దాకా బురద.

తర్వాత పూలు. ఇక్కడ స్కూళ్లు ఉన్న రోజుల్లో పిల్లలను ఊరికి తీసుకుపోవడానికి కుదరదు. మేముండే జర్మన్ రాష్ట్రంలో వేసవి సెలవులు సెప్టెంబరు రెండో వారానికల్లా అయిపోతాయి. అంటే పిల్లలకు ఊరి బతుకమ్మ లేనట్టే. చాలా ఏళ్లు నాకు అదే పెద్ద బాధ. ప్లాస్టిక్ పూలతో పేర్చిన బతుకమ్మ చుట్టూ హాల్లో ఆడి వచ్చేవాళ్లం. అది తప్పని అనను, కలిసి ఆడేవాళ్లు ఉండడమే గొప్ప. కానీ బతుకమ్మ అంటే పూలు ఏరుకురావడం కూడా. తంగేడు కోసం గుట్టకు పోవడం, గునుగు కోసి రంగులద్దడం, చేతులకు పసరు అంటడం. అది లేక నా పిల్లలకు సగం పండగే అందేది.

ఎస్లింగెన్ బయట రోడ్డు పక్కన పూలచేన్లు ఉంటాయి. ఎవరికి కావాల్సిన పూలు వాళ్లే కోసుకోవచ్చు. బోర్డు మీద ఏ పువ్వు ఎంతో రాసి ఉంటుంది. తాడుకు కట్టిన చిన్న కత్తి ఉంటుంది, డబ్బులు వేయడానికి ఒక ఇనుప డబ్బా ఉంటుంది. కాపలా ఎవరూ ఉండరు. ఏళ్ల తరబడి ఆ దారిన పోతూ నేను ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగిన రోజు పాపకు ఏడేళ్లు. డేలియాలు, గ్లాడియోలస్, పొద్దుతిరుగుడు పూలు కోసుకున్నాం. పాప వేళ్ల మీద లెక్క కట్టి, నాణేలు ఒక్కొక్కటే డబ్బాలో వేసింది. చివరి నాణెం పడిన చప్పుడు విని, "ఎవరూ చూడలేదు కదా అమ్మా, మనం వేశామని వాళ్లకెట్లా తెలుస్తుంది?" అంది. "మనకు తెలుసు కదా" అన్నాను. రైలు పట్టాల పక్కన పసుపుపచ్చగా విరగబూసే గోల్డెన్‌రాడ్ పూలు కోసి తంగేడుకు బదులు పెట్టాం. తాంబాలంలో వరుసలు పేరుస్తుంటే గోల్డెన్‌రాడ్ పుప్పొడి మా మోచేతుల దాకా అంటింది. మా పక్కింటావిడ పెరట్లో బంతిపూలు తెంపి ఇచ్చి, మాతోపాటు ఆడింది. చప్పట్లు ఒక అడుగు ఆలస్యంగా పడినా చివరిదాకా తిరిగింది. ఆట అయ్యాక బతుకమ్మను నీళ్ల టబ్బులో వదిలాం. నవంబరులో సెయింట్ మార్టిన్ పండగకు పిల్లలంతా కాగితం లాంతర్లు పట్టుకుని పాడుకుంటూ వీధుల్లో నడుస్తారు. ఆ ఏడాది పాప తన లాంతరు మీద పసుపు రంగు పూలు అతికించుకుంది. అవేం పూలని అడిగితే తంగేడు అంది. నిజం తంగేడును అది అప్పటికింకా చూడలేదు.

ఈత గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇక్కడ పిల్లలకు ఐదారేళ్లకే ఈత నేర్పిస్తారు. మొదటి పరీక్ష పేరు 'జేఫెర్డ్‌షెన్', అంటే సముద్రపు గుర్రం, గుర్రం తల లాంటి తల ఉండే చిన్న చేప. గట్టు మీది నుంచి దూకి 25 మీటర్లు ఈదాలి. భుజాల లోతు నీళ్లలో మునిగి, అడుగున ఉన్న వస్తువును చేత్తో పైకి తేవాలి. నీళ్ల దగ్గర పాటించాల్సిన జాగ్రత్తలు చెప్పాలి. ఇవన్నీ చేస్తే ఒక బ్యాడ్జీ ఇస్తారు, ఈత బట్టల మీద కుట్టుకోవడానికి. పాప నేర్చుకునేటప్పుడు నేను గట్టు మీద బ్యాగు పట్టుకుని కూర్చునేదాన్ని. నాకు ఈత రాదు. మా ఊళ్లో అన్నలంతా నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టుకుని బావిలో నేర్చుకున్నారు. ఆడపిల్లలం గట్టు మీద వాళ్ల బట్టలకు కాపలా.

పాపకు బ్యాడ్జీ వచ్చిన నాడు, "ఇప్పుడు నీ వంతు" అంది. ముప్పై ఆరేళ్ల వయసులో పెద్దవాళ్ల క్లాసులో చేరాను. మొదటి నెల నీళ్లలో మొహం పెట్టాలంటేనే టెన్షన్. ముక్కులోకి నీళ్లు పోయి కళ్లు మండేవి. ఒక బుధవారం కాళ్లు అడుగును వదిలాయి, నేను మునగలేదు. పైకప్పు లైట్లు కనిపిస్తున్నాయి, చెవుల్లో నీళ్ల హోరు తప్ప ఏమీ లేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి చూస్తే క్యాలెండరు మీద పది రోజులుగా గీతల్లేవు.

2023 వేసవిలో నాయిన మా దగ్గరికి వచ్చాడు. ఎస్లింగెన్ చుట్టూ కొండవాలు మీద మెట్లుమెట్లుగా ద్రాక్షతోటలుంటాయి. మట్టి జారకుండా మెట్టుమెట్టుకూ రాతిగోడ. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. ఆ దారిలో నేను దాదాపు తొమ్మిదేళ్లు నడిచాను, గోడలు చూడలేదు. నాయిన మొదటి గోడ దగ్గరే ఆగిపోయాడు. అరచెయ్యి పెట్టి నిమిరాడు. పాపను పిలిచి చూపించాడు, గోడ నిలువుగా లేదు, కొండ వైపు కొంచెం ఒరిగి ఉంది. పొడుగు రాళ్లు మట్టిలోకి పోయి పట్టుకుంటాయి. సందుల్లో చిన్నరాళ్లు బిగిస్తే పెద్దవి కదలవు. "సిమెంటెందుకు పెట్టలేదు తాతా?" అంటే, "పెడితే వాన నీళ్లు ఎనక ఆగి గోడను నూకుతయి బిడ్డా. ఇట్లయితే సందుల్లకెళ్లి కారిపోతయి" అన్నాడు. కొంచెం పైన పనిచేస్తున్న ఒక ముసలాయన దిగి వచ్చాడు. గోడ ఒకచోట ఉబ్బి ఉంటే నాయిన వేలితో చూపించి తల అడ్డంగా ఊపాడు. ఆయన నిట్టూర్చి తల నిలువుగా ఊపాడు. పాప మధ్యలో నిలబడి జర్మన్‌ను తెలుగు చేసింది, తెలుగును జర్మన్ చేసింది. రాయికి, సందుకు, బిగించడానికి దానికి రెండు భాషల్లోనూ మాటలు చాలలేదు. చేతులతో చూపించింది. పోయేటప్పుడు ఆయన మాకు ఒక సీసా ద్రాక్షరసం ఇచ్చాడు.

ఆ ఏడాది మే నుంచే దేశమంతా లోకల్ రైళ్లు ఎక్కి తిరగడానికి నెలకు 49 యూరోల టికెట్ వచ్చింది. నాయినకు ఒకటి కొని బోడెన్‌జే సరస్సుకు తీసుకుపోయాను. స్టుట్‌గార్ట్ ప్రాంతంలో చాలా ఊళ్లకు తాగే నీళ్లు ఆ సరస్సు నుంచే వస్తాయి, 300 మీటర్లకు పైగా ఎత్తుకు పంపు చేసి పైపుల్లో పంపుతారని చెప్పాను. నాయిన మొహం వెలిగిపోయింది. "అంటే ఇది గూడ ఎత్తిపోతలే" అన్నాడు. శ్రీశైలం డ్యాం వెనుక నీళ్లను కొల్లాపూర్ దగ్గర ఎల్లూరు మొదలుకొని మూడు చోట్ల ఎత్తి పోస్తే మా కల్వకుర్తి వైపు చెరువులు నిండాయి. మా బావిలో వేసవిలోనూ నీళ్లు ఉంటున్నాయంటే అందుకే. గట్టు మీద కూర్చుని నాయిన అదంతా పాపకు ఇసుకలో గీసి చూపించాడు. మూడు మెట్లు, మూడు పంపులు, చివర మా చేను.

భాష గురించి నాకున్న దిగులు కూడా ఆ నెలల్లోనే తగ్గింది. ఆన్‌లైన్ తెలుగు క్లాసులో "ఎక్కడికి వెళ్తున్నావు" అని నేర్పిస్తారు. తాత "యాడికి పోతున్నవ్" అంటాడు. ఏది కరెక్ట్ అని పాప అడిగితే నేను తడబడ్డాను. జవాబు అదే వెతుక్కుంది. మా వైపు జర్మన్లు ఇళ్లలో ష్వేబిష్ యాస మాట్లాడతారు, చాలా మాటల చివర ముద్దుగా 'లె' చేరుస్తారు. స్కూల్లో రాసేది వేరు. "తాతది ష్వేబిష్ తెలుగు" అని తమ్ముడికి చెప్పింది. అప్పటినుంచి తాతతో "యాడికి" అంటుంది, క్లాసులో "ఎక్కడికి" అంటుంది.

2025లో పెంతెకోస్తు సెలవులు జూన్‌లో వచ్చాయి. సెలవులు మొదలుకాగానే బయల్దేరాం, మిరుగం, అంటే మృగశిర కార్తె, నాటికి ఊళ్లో ఉన్నాం. మిరుగం నాడు చేపలు తినాలి కాబట్టి అమ్మ తెల్లారేసరికే చెరువు దగ్గరికి మనిషిని పంపింది. మధ్యాహ్నం చేపల పులుసు, జొన్నరొట్టె. బాబు ముళ్లు తీయడం రాక అవస్థ పడుతుంటే మా వదినె పక్కన కూర్చుని ఒక్కొక్క ముక్క ఒలిచి పెట్టింది. మూడో రోజు వాన పడింది. వాడు పెట్టెలోంచి బురద ప్యాంటు తీసి వేసుకుని వీధిలోకి ఉరికాడు. వీధి పిల్లలంతా ఆ ప్యాంటు చుట్టూ మూగారు. సాయంత్రానికి అది ముగ్గురు పిల్లల ఒంటి మీద మారింది.

ఆ మర్నాడు బావికి పోయాం. పాత మోటబావి. మోట పోయి మోటరు వచ్చింది కానీ రాతికట్టు అదే. గోడలోంచి పొడుచుకొచ్చిన మెట్ల మీద పాప నాలుగు అడుగులు దిగి, గోడ మీద అరచెయ్యి పెట్టింది. "తాతా, ద్రాక్షతోట గోడ లాగే ఉంది" అంది. ఆ కట్టు నాయిన చేసిందే, మా అన్న పుట్టిన ఏడాది. సందుల్లో చిన్నరాళ్లు ఎక్కడెక్కడ బిగించాడో నాయినకు ఇంకా గుర్తు. ఒక్కొక్కటి చూపిస్తూ ఆమె వెనకే దిగాడు.

పాప నడుముకు తాడు కట్టాం, రెండో కొస అన్న పట్టుకున్నాడు. ఎవరూ ఒంటరిగా నీళ్లలోకి దిగకూడదన్నది దాని జేఫెర్డ్‌షెన్ రూలు, అది తాతకూ వర్తిస్తుందని ముందే చెప్పింది. నాయిన నీళ్లలోకి దిగి, మునిగి ఉన్న మెట్ల మీద వెతికి, భుజాల లోతులో ఇత్తడి చెంబు పెట్టాడు. గట్టు మీది నుంచి అమ్మ అరిచింది, అది తన పెళ్లినాటి చెంబని. పాప గుండెల నిండా ఊపిరి పీల్చుకుని మునిగింది. పచ్చని నీళ్లలో దాని పాదాలు రెండు ఒక్క క్షణం కనిపించి మాయమయ్యాయి. అన్న చేతిలో తాడు వదులుగానే ఉంది. తర్వాత చెంబు ముందు పైకి వచ్చింది, దాని వెనక పాప తల.

చుట్టుపక్కల చేన్లలో కలుపు తీస్తున్న ఆడవాళ్లు అప్పటికే బావి చుట్టూ చేరారు. వాళ్లలో నాతో కలిసి అన్నల బట్టలకు కాపలా కాసినవాళ్లు ఇద్దరున్నారు. నాయిన చెంబులోని నీళ్లు ఒంపేసి, మళ్లీ ఆ మెట్టు మీదే పెట్టి, నా వైపు చూశాడు. నేను చున్నీ తీసి అమ్మ చేతికిచ్చి మొదటి మెట్టు దిగాను.