పాదరసం ప్లేటు మీద బతికినవి

వాగు మట్టిలోని బ్యాక్టీరియాని పాదరసం ఉప్పు కలిపిన ప్లేట్ల మీద పెంచాం. చాలావరకు చచ్చిపోయాయి. బతికినవాటిని వేరుచేసి, యాంటీబయాటిక్ మందు అద్దిన చిన్న కాగితపు డిస్కులు పెట్టి ఇవాళ ఇంక్యుబేటర్ తెరిస్తే, స్ట్రెప్టోమైసిన్ డిస్కు అంచు దాకా పెరిగి ఉన్నాయి, అంటే మందు వాటిని ఆపలేకపోయింది. ఆ మందు వాటికి మేం ముందెప్పుడూ చూపించలేదు!

ఇలా అవుతుందని చదివాను, కానీ కళ్లారా చూస్తే గుండె ఝల్లుమంది. టీఎన్21 అనే డీఎన్ఏ ముక్క ఉంది. పాదరసాన్ని ఆవిరిగా మార్చేసే జన్యువులు, స్ట్రెప్టోమైసిన్‌నీ సల్ఫా మందులనీ తట్టుకునే జన్యువులు అందులో ఒకే మూటలో ఉంటాయి. ప్లాస్మిడ్ (బ్యాక్టీరియా ఒకదానికొకటి అందించుకునే చిన్న డీఎన్ఏ చుట్ట) ఎక్కి ఒక జాతి నుంచి ఇంకో జాతికి కూడా వెళ్తుంది. యాంటీబయాటిక్ చుక్క లేకపోయినా, పాదరసం ఉంటే చాలు, మూట మొత్తం నిలబడుతుంది. మావాటిలో ఉన్నది అదేనా అని పీసీఆర్ (ఫలానా డీఎన్ఏ ముక్క ఉందో లేదో పట్టిచ్చే పరీక్ష) చేసి చూడాలి.

పొద్దుటి నుంచి పటాన్‌చెరు గుర్తొస్తోంది. అక్కడ మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసి వదిలిన నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు రాశారు. మాత్ర మింగిన మనిషి రక్తంలో కూడా అంత ఉండదు. ఇలాంటి చోట్ల మందులు కొలిచి ఊరుకుంటే చాలదు, లోహాలూ కొలవాలి.